మహమ్మారి కాలంలో నిర్మాణ కార్మికుల భద్రత: మాచారెడ్డి ప్రాంతం

కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీద ఉన్న మండల కేంద్రం మాచారెడ్డి. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. మెట్ట నేలలు, చుట్టూ తండాలు. బోరు ఎండితే పంట ఎండినట్టే. అందుకే ఈ ప్రాంతపు ఊళ్ల నుంచి ఏళ్ల తరబడి మగవాళ్లు దుబాయ్, మస్కట్, దోహా, రియాద్ దారి పట్టారు. అక్కడ వాళ్లలో చాలామంది చేసేది కట్టడపు పనే: సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, ఏ పనీ రానివాళ్లకు హెల్పర్ పని. ఊళ్లో ఉన్నవాళ్లకు సేద్యం లేని నెలల్లో దొరికేది సుతారి (తాపీ) పని, ఆ సుతారి కింద తట్ట మోసే పని, లేకుంటే ఉపాధి హామీ మట్టిపని.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ ఊళ్ల మీద దెబ్బ రెండు దిక్కుల నుంచి పడింది. గల్ఫ్‌లో లేబర్ క్యాంపుల్లో మనవాళ్లు చిక్కుకుపోయారు. ఇక్కడ అడ్డా మీద నిలబడే కూలీలకు పని పోయింది. మహమ్మారి వేళ నిర్మాణ కార్మికుని భద్రత అనగానే అందరికీ గుర్తొచ్చేవి మాస్కు, ఆరడుగుల దూరం, చేతులు కడుక్కోవడం. అవి కావలసినవే. కానీ 2020, 2021 అనుభవాన్ని దగ్గరగా చూస్తే అసలు ప్రమాదం స్లాబు మీద కంటే కూలీ పడుకునే రేకుల షెడ్డులో, అతను ఎక్కే ట్రాలీ ఆటోలో ఉంది. జ్వరమొచ్చిన రోజు కూలి పోతుందన్న భయంలో అంతకన్నా ఎక్కువగా ఉంది.

పనిచోటు, పడకచోటు

కరోనా వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా, దగ్గరగా ఉన్న మనుషుల శ్వాస ద్వారా పాకుతుంది. ఆరుబయట గాలి దాన్ని చెదరగొడుతుంది, మూసిన గదిలో అది నిలిచి ఉంటుంది. ఈ లెక్కన గోడ కట్టే మేస్త్రీ, బయట పరంజా మీద నిలబడి ప్లాస్టరింగ్ చేసేవాడు కొంత నయం. లోపలి గదుల్లో టైల్స్ పరిచేవాళ్లు, వైరింగ్ చేసేవాళ్లు, బేస్‌మెంట్‌లో పనిచేసేవాళ్లు, కూలీల లిఫ్టులో పై అంతస్తులకు ఎక్కేవాళ్లు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

పని దిగాక మరో లోకం మొదలవుతుంది. రేకుల గదిలో నేల మీద వరసగా చాపలు, లేదంటే ఇనుప మంచం మీద ఇంకో మంచం. గదికి ఒక కిటికీ ఉంటే అదృష్టం, ఉన్నా దోమలకు భయపడి మూసే ఉంచుతారు. బయట ఒక నీళ్ల డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన ఒక గ్లాసు. అందరి నోళ్లకూ ఆ ఒక్క గ్లాసే. పొద్దున్నే మరుగుదొడ్ల ముందు వరస. రాత్రి ఒక పొయ్యి చుట్టూ ఏడెనిమిది మంది. ఇలాంటి చోట ఒకరికి జ్వరం వస్తే వేరుగా పడుకోబెట్టడానికి జాగా ఏది? హోం ఐసోలేషన్ అన్న మాట ఇల్లున్నవాళ్ల కోసం పుట్టింది.

స్లాబు వేసే రోజు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఊళ్లలో ఇప్పటికీ చాలా ఇళ్లకు కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నుంచి పైదాకా నిచ్చెన మెట్ల మీద మనుషులు వరసగా నిలబడి, నిండిన తట్టలు చేతి నుంచి చేతికి అందిస్తారు. ఖాళీ తట్టలు మళ్లీ కిందికి వస్తాయి. తట్ట చేతికి అందాలంటే ఇద్దరి మధ్య మూడడుగులకు మించి ఎడం ఉండదు. ఒకసారి కాంక్రీటు పోయడం మొదలైతే మధ్యలో ఆపరాదు. ఆపితే అక్కడ జాయింట్ పడి రేపు నీరు కారుతుంది. కాబట్టి ఆ వరసలోని ఇరవై, ముప్పై మంది గంటల తరబడి ఒకరి ముఖంలోకి ఒకరు ఆయాసపడుతూనే ఉంటారు. ఆరడుగుల దూరం పాటించండి అని వాళ్లకు చెప్పినందువల్ల ఫలితం లేదు. లిఫ్ట్ ఉన్న మిల్లర్ తెప్పిస్తే వరస మొత్తం అక్కర్లేకుండా పోతుంది. కిరాయి కొంత ఎక్కువ, మనుషులు తక్కువ. పనిని మార్చే ఉపాయం ఇది. భద్రతా శాస్త్రం ఎప్పుడూ చెప్పేది ఇదే: ప్రమాదాన్ని పని నుంచి తీసేయడం మొదటి మెట్టు, మనిషికి తొడుగు తొడగడం చివరి మెట్టు. కరోనా కాలంలో చాలాచోట్ల చివరి మెట్టు దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోయారు.

లాక్‌డౌన్, కంది సంఘటన

తెలంగాణలో తొలి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ యువకుడు దుబాయ్ వెళ్లి వచ్చినవాడు. మార్చి 22న రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది, 25 నుంచి దేశమంతా మూతపడింది. రాష్ట్రంలోని వలస కార్మికులకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్రం చెప్పింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు 1,500 రూపాయలు ఇచ్చింది. మార్చి 24న కేంద్ర కార్మిక శాఖ నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల్లో ఉన్న సెస్సు సొమ్ము నుంచి నేరుగా కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయాలని రాష్ట్రాలను కోరింది. అప్పటికి ఆ బోర్డుల్లో ఉన్న మొత్తం సుమారు 52,000 కోట్లు, నమోదైన కార్మికులు సుమారు మూడున్నర కోట్ల మంది. నమోదు కానివాళ్లకు అందులో పైసా రాదు. ఏడాదిలో 90 రోజులు కట్టడం పనిచేసినట్టు చూపిస్తేనే ఆ నమోదు కార్డు, అంటే లేబర్ కార్డు వస్తుంది. ఊరూరా తిరిగే కూలీకి ఆ ధ్రువీకరణ రాసిచ్చే యజమాని దొరకడమే కష్టం.

ఈ కథలో తెలంగాణ పేరు దేశమంతా వినిపించిన చోటు సంగారెడ్డి జిల్లా కంది. అక్కడ ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో భవనాలు కడుతున్న ఇతర రాష్ట్రాల కార్మికులు రెండు వేల మందికి పైగా లాక్‌డౌన్‌లో లేబర్ షెడ్లలోనే ఉండిపోయారు. రావలసిన జీతం అందక, ఇంటికి పంపమని అడిగితే పంపక, ఏప్రిల్ 29న వాళ్లు రోడ్డెక్కారు. పోలీసుల మీద రాళ్లు పడ్డాయి, వాహనం ధ్వంసమైంది. రెండు రోజులు తిరక్కుండానే, మే 1 తెల్లవారుజామున, వాళ్లను ఆర్టీసీ బస్సుల్లో లింగంపల్లి స్టేషన్‌కు తెచ్చి, దాదాపు 1,200 మందితో 24 బోగీల రైలును జార్ఖండ్‌లోని హతియాకు పంపారు. 72 మంది పట్టే బోగీలో 54 మందినే కూర్చోబెట్టారు. దేశంలో నడిచిన మొదటి శ్రామిక్ రైలు అదే. తర్వాత నాలుగు నెలల్లో ఆ రైళ్లలో 60 లక్షల మందికి పైగా ఇళ్లకు చేరారు.

కంది గొడవను ఆ రోజుల్లో చాలామంది శాంతిభద్రతల సమస్యగా చూశారు. నా దృష్టిలో అది భద్రత సమస్య. జీతం చేతికి రాని మనిషి, ఊపిరాడని షెడ్డులో, తెలియని రోగం మధ్య ఐదు వారాలు గడపడం కన్నా పెద్ద ప్రమాదం ఆ ఆవరణలో ఇంకొకటి లేదు.

ఏప్రిల్ నిబంధనలు

2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వుల్లో, 20వ తేదీ నుంచి ఊళ్లలో రోడ్లు, సాగునీటి పనులు, భవనాలు కట్టుకోవచ్చని ఉంది. పట్టణాల్లో మాత్రం కూలీలు అప్పటికే సైట్‌లో ఉంటేనే పని సాగాలి, బయటి నుంచి ఎవరినీ తేకూడదు. తెలంగాణ మాత్రం ఆ సడలింపులు తీసుకోకుండా మే 7 వరకు లాక్‌డౌన్‌ను అలాగే ఉంచింది.

ఆ ఉత్తర్వుల అనుబంధంలో పనిచోట్ల పాటించవలసిన పద్ధతి ఉంది. గేటు దగ్గర జ్వరం చూడాలి. కూలీలను తెచ్చే వాహనంలో 30 నుంచి 40 శాతం మందినే ఎక్కించాలి. షిఫ్టుల మధ్య గంట ఎడం ఇవ్వాలి, పది మంది గానీ, అంతకు మించి గానీ గుమికూడరాదు, లిఫ్టులో ఇద్దరు లేదా నలుగురే ఎక్కాలి. గుట్కా, ఉమ్మివేత నిషేధం. కార్మికులకు వైద్య బీమా తప్పనిసరి. మంచి నిబంధనలే. వాహనం సంగతే చూడండి. ట్రాలీ ఆటోలో పదిహేను మంది నిలబడి పోయే చోట ఐదుగురినే ఎక్కించమంటే మూడు ట్రిప్పులు కావాలి. ఆ డీజిల్ ఎవరు పోయాలో కాగితంలో లేదు. గుత్తేదారు గుంపు మేస్త్రీ వైపు చూస్తాడు, మేస్త్రీ కూలీల వైపు చూస్తాడు. చివరికి ఆ ఖర్చు కూలిలోంచే పోతుంది, లేదా అందరూ ఒకే ట్రిప్పులో వస్తారు.

చట్టం అంతకుముందే ఉంది. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం తాగునీరు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్సతో పాటు, సైట్‌లో ఉండే కార్మికులకు ఉచిత నివాసం, విడిగా వంటచోటు, స్నానపు జాగా ఇవ్వాలని చెప్పింది. 500 మంది లేదా అంతకు పైబడిన చోట భద్రతా కమిటీ ఉండాలంది. ఆ పాత చట్టాన్ని నిజాయితీగా అమలు చేసిన సైట్‌లో కరోనాకు సగం ఏర్పాట్లు అప్పటికే ఉన్నట్టు. చేయని చోట కొత్త మార్గదర్శకాలు గోడకు అంటించిన కాగితాలయ్యాయి.

గల్ఫ్ క్యాంపుల్లో

మాచారెడ్డి చుట్టుపక్కల ఊళ్లకు దోహా, దుబాయ్ క్యాంపులు పక్క జిల్లా అంత దగ్గర. అక్కడి గదిలో నలుగురైదుగురు మన మండలం వాళ్లే ఉండడం మామూలు. 2020 మార్చి 17న ఖతార్ ప్రభుత్వం దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని పూర్తిగా మూసేసింది. వలస కార్మికుల క్యాంపులు కిక్కిరిసి ఉండే చోటు అది. లోపలివాళ్లు బయటికి రాలేదు. మంచాల మీద మంచాలున్న గదుల్లో, ఉమ్మడి వంటగదుల్లో రోగాన్నీ మనుషులనూ కలిపి మూసినట్టయింది.

కాగితాలు లేని కార్మికులను మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి బయటపడి పనిచేసేవాళ్లు. జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోతే పట్టుకుంటారని వాళ్ల భయం. సౌదీ రాజు సల్మాన్ మార్చి 30న, వీసా గడువు దాటినవాళ్లతో సహా అందరికీ కరోనా చికిత్స ఉచితమని ప్రకటించాడు. మహమ్మారి కాలంలో గల్ఫ్ దేశాలు తీసుకున్న నిర్ణయాల్లో ఇది గొప్పది, ఎందుకంటే దాక్కున్న రోగి పక్క మంచం వాడికీ ప్రమాదమే. కువైట్ ఏప్రిల్‌లో కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ఇచ్చింది. మే 7న విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాయి, రెండు రోజులకు కువైట్ నుంచి హైదరాబాద్‌కు తొలి విమానం దిగింది.

ఆ మధ్య కాలంలో శవాలు కూడా రాలేకపోయాయి. ఏప్రిల్ చివరి వారంలో అబుదాబి నుంచి ఢిల్లీకి వచ్చిన ముగ్గురు భారతీయుల మృతదేహాలను విమానం నుంచి దింపనివ్వకుండా తిప్పి పంపారు. ఆ తర్వాతే హోంశాఖ మృతదేహాలు తెచ్చే పద్ధతి ఖరారు చేసింది. పెట్టె కోసం ఎదురుచూసే ఇల్లు ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

పనామా, సింగపూర్

కట్టడానికీ మహమ్మారికీ ఉన్న లంకె పాతది. దాని ఒక కొస మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటికే పనామా కాలువ తవ్వబోయి ఫ్రెంచివాళ్లు ఓడిపోయి ఉన్నారు. 1881 నుంచి 1889 దాకా ఎల్లో ఫీవర్, మలేరియా, ఇతర జబ్బులతో సుమారు 22,000 మంది చనిపోయారని అంచనా. 1904లో అమెరికా పని అందుకున్నాక వైద్యాధికారి విలియం గోర్గాస్ దోమలే ఈ జబ్బులు మోస్తాయన్న సత్యం మీద ఆధారపడి నీటి గుంటలు పూడ్పించాడు, ఇళ్లకు జాలీలు వేయించాడు, కుళాయి నీళ్లు తెప్పించాడు. రెండేళ్లలో ఎల్లో ఫీవర్ పోయింది. కానీ జాలీలున్న మంచి ఇళ్లు తెల్లవాళ్లకే దక్కాయి. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు కిక్కిరిసిన బ్యారకుల్లో న్యుమోనియాతో చచ్చిపోయారు. వాళ్లు బ్యారకులు వదిలి విడివిడి గుడిసెల్లోకి చెదిరిపోయాక న్యుమోనియా తగ్గిందని గోర్గాస్ గమనించాడు. తర్వాత దక్షిణాఫ్రికా బంగారు గనులకూ మనిషికి ఇంత జాగా ఇవ్వండని అదే సలహా ఇచ్చాడు.

ఆ పాఠం నూరేళ్ల తర్వాత సింగపూర్ మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. అక్కడి డార్మిటరీల్లో భారత్, బంగ్లాదేశ్ తదితర దేశాల నుంచి వచ్చిన మూడు లక్షల మందికి పైగా కార్మికులుంటారు, ఎక్కువ మంది నిర్మాణంలోనే. 2020 డిసెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం వాళ్లలో 47 శాతం మందికి కరోనా సోకింది. కొత్త డార్మిటరీల్లో గదికి పది మంచాలు మించరాదని, మంచం మీద మంచం వేయరాదని సింగపూర్ ఆ ఏడాదే తలపెట్టింది. అమెరికాలో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో జరిగిన అధ్యయనంలో నిర్మాణ కార్మికులు ఆస్పత్రి పాలయ్యే ముప్పు మిగతా పనివాళ్ల కంటే దాదాపు ఐదు రెట్లు కనిపించింది.

పల్లె సైట్లు

మహమ్మారి నడుమనే తెలంగాణ పల్లెల్లో కట్టడాలు జోరుగా సాగాయి. రైతుల సమావేశాలకు రైతు వేదికలు, వైకుంఠధామాలనే శ్మశానవాటికలు, డంపింగ్ యార్డులు ఆ ఏడాది పైకి లేచాయి. ఐదు వేల ఎకరాల క్లస్టర్‌కు ఒక రైతు వేదిక చొప్పున రాష్ట్రమంతా రెండు వేల ఆరు వందలకు పైగా కట్టారు. ఒక్కోదాని ఖర్చు 22 లక్షలు, అందులో 10 లక్షలు ఉపాధి హామీ నుంచి. 2020 అక్టోబర్ 31న కొడకండ్లలో మొదటిదాన్ని ప్రారంభించారు. ఇలాంటి సైట్‌లో ఒక మేస్త్రీ, ఇద్దరు ముగ్గురు సుతారులు, కొద్దిమంది కూలీలు. సేఫ్టీ ఆఫీసర్ ఉండడు, గేటే ఉండదు, ఇక గేటు దగ్గర జ్వరం చూసేదెవరు?

చట్టం కూడా ఇక్కడిదాకా రాదు. 1996 చట్టం పది మంది కంటే తక్కువ పనిచేసే చోటుకు, పది లక్షల లోపు ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇంటికి వర్తించేది కాదు. దాని స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన వృత్తిభద్రత కోడ్ ఆ ఖర్చు పరిమితిని 50 లక్షలకు పెంచింది. మాచారెడ్డిలో గల్ఫ్ సొమ్ముతో కట్టే ఇళ్లలో చాలావరకు 50 లక్షల లోపే. అంటే అక్కడ దుబాయ్ కంపెనీ నుంచి భద్రత ఆశించిన మనిషి ఇక్కడ తన ఇంటి పునాది తీయిస్తున్నప్పుడు తానే యజమాని. చట్టం అడగదు, తానే చూసుకోవాలి.

చూసుకోవలసినవి పెద్ద ఖర్చువి కావు. సిమెంటు అంటిన చేతులకు శానిటైజర్ పనిచేయదు. మురికి మీద అది నిలవదు. సబ్బు, ధారగా పడే నీళ్లు కావాలి. డ్రమ్ముకు గ్లాసు బదులు కుళాయి బిగించాలి, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి. శానిటైజర్ స్పిరిట్‌తో చేసింది గనక వెల్డింగ్, గ్యాస్ కటింగ్ దగ్గర పెట్టకూడదు, రాసుకున్న వెంటనే నిప్పు దగ్గరికి పోకూడదు. హెల్మెట్, బెల్టు ఒకరివి ఒకరు వాడితే సబ్బు నీళ్లతో తుడవాలి. ఎత్తులో కట్టుకునే బెల్టును బ్లీచింగ్ నీళ్లలో ముంచితే దాని పట్టీ బలం పోతుంది. రోగం నుంచి కాపాడబోయి మనిషిని కింద పడేసినట్టవుతుంది. దుమ్ము కోసం వాడే కవాటం ఉన్న ఎన్-95 మాస్కు లోపలికి వచ్చే గాలినే వడగడుతుంది, వదిలే గాలిని ఆపదు. ఈ సంగతి 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖే రాష్ట్రాలకు రాసింది. కళ్లద్దాలు మాస్కు ఆవిరికి మసకబారితే పరంజా మీద అడుగు తప్పుతుంది. మే నెల ఎండలో ఆరుబయట ఒంటరిగా పనిచేసేవాడు మాస్కు దించుకోవడమే మేలు, నీడకు చేరి నలుగురిలో కూర్చున్నప్పుడు పెట్టుకోవాలి. కూలీల ఒంటి మీద మందు చల్లడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. 2020 మార్చి చివర బరేలీలో వలస కూలీలను కూర్చోబెట్టి పిచికారీ చేశారు. మనుషుల మీద చల్లడం హానికరమని ఏప్రిల్‌లో ఆరోగ్య శాఖ స్పష్టం చేసింది.

ఆగిన పని మళ్లీ మొదలుపెట్టే రోజూ గండమే. నలభై రోజులు ఎండకు, వానకు వదిలేసిన పరంజా తాళ్లు కుళ్లుతాయి, సెంట్రింగ్ కింద ఊతకర్రలు జరుగుతాయి, తవ్విన గుంత గట్లు విరుగుతాయి, నిలిచిన నీళ్లలో డెంగీ దోమలు పుడతాయి. 2020 మే 7న విశాఖపట్నం ఎల్జీ పాలిమర్స్‌లో లాక్‌డౌన్ తర్వాత పని మొదలయ్యే వేళ స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. అది కర్మాగారం, కానీ పాఠం కట్టడానికీ వర్తిస్తుంది. మొదటి రోజు కూలి పరిశీలనకే ఇవ్వాలి, పనికి కాదు.

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకున్నది జ్వరం రోజు కూలి. ఈఎస్ఐ ఉన్న కార్మికునికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అడ్డా కూలీకి హాజరు పడితేనే పైసలు. వాడు ఒళ్లు కాలుతున్నా మాత్ర వేసుకుని వస్తాడు, నాలుగు రోజుల్లో గుంపంతా పడుతుంది. రోగాన్ని దాచిపెట్టమని వాడికి చెప్పేది ఆ హాజరు పుస్తకమే. 2021 మే 12 నుంచి జూన్ 19 దాకా రెండో విడత లాక్‌డౌన్‌లోనూ ఈ సంగతి మారలేదు.

ఇల్లు కట్టించుకునేవారు మేస్త్రీతో చదరపు అడుగుకు రేటు మాట్లాడుకునే రోజే, జ్వరమొచ్చిన కూలీకి మూడు రోజుల దినకూలి ఎవరిస్తారో కూడా మాట్లాడుకోండి. పనిచేసిన రోజులకు సంతకం పెట్టి కాగితం ఇవ్వండి. లేబర్ కార్డుకు కావలసిన తొంభై రోజుల లెక్క చూపేటప్పుడు ఆ కాగితం కూలీకి అక్కరకు రావచ్చు.